సుత్తి చప్పుడు మారేదాకా

జూన్ 3

అన్నయ్యా,

నమస్కారాలూ కుశల ప్రశ్నలూ ఓపిక మిగిలితే చివర్న రాస్తాను. ముందు నా కోపం తీరాలి.

మొన్న ఆదివారం నీకు ఫోన్ చేశాను, గుర్తుందా? "అన్నయ్యా, నువ్వు పంపిన వెండి రేకుల్లో సగానికి సగం చిల్లులే" అన్నాను. "సంతోషం తల్లీ, సంతోషం" అన్నావు. "సంతోషం కాదు, నా కొంప మునుగుతోంది" అని అరిచాను. "ఇక్కడా అంతే, ఒకటే ఉక్కపోత" అన్నావు. "నేను చెప్పేది వినపడుతోందా?" అంటే "మీ వదిన కూడా బాగానే ఉంది" అని చెప్పి పెట్టేశావు. కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు నా కేకలు విని మా ఇంట్లో ఎవరో పోయారనుకున్నారు. ఒకాయనైతే నన్ను ఓదార్చి, మిఠాయి అడగడానికి మొహమాటపడి, ఏమీ కొనకుండానే వెళ్ళిపోయాడు. నా గొంతు సంగతి నీకు తెలిసిందేగా. అందుకని ఇకమీదట ఉత్తరాలే. కాగితమైతే నువ్వు వినక్కర్లేదు.

సంగతేమిటంటే, ఈమధ్య నీ రేకు మునుపటిలా లేదు. మొన్న కోవా బిళ్ళల పళ్ళెం ముందు పెట్టుకుని, ఫ్యాను ఆపి, రేకు ఉన్న కాగితం బోర్లించి, వేలితో మెల్లగా అద్ది కాగితం తీశాను. బిళ్ళ మీద వెండి పరుచుకోవాలా, జల్లెడ పరుచుకుంది. ఒకావిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఏమ్మా, దీనికి చెదలు పట్టాయా?" అంది. "వెండికి చెదలేమిటండీ" అని నవ్వేశాను. నవ్వితే ఏం లాభం, ఆవిడ ఎదురు కొట్టుకి వెళ్ళిపోయింది.

ఇంకో మాట. ఇక్కడ పెద్ద ఫంక్షన్ హాలు మేనేజరు ఒకాయన ఉన్నాడు. వచ్చే నెలాఖరున వాళ్ళ హాల్లో ఒక గొప్ప పెళ్ళి ఉందట. ఎవరింట్లోనో మన మిఠాయి తిని వెతుక్కుంటూ వచ్చాడు. "ఈ రేకు మిషనుదా, చేత్తో కొట్టిందా?" అని అడిగాడు. నా నోరు ఊరుకుంటుందా? "మా అన్నయ్య సుత్తితో కొట్టిన రేకండీ, ఊదితే ఎగిరిపోతుంది, నాలుక మీద పెడితే మాయమైపోతుంది" అని ఊదరగొట్టేశాను. అయితే పెళ్ళి పళ్ళేలన్నీ నువ్వే చెయ్యి, బాగుంటే ఇక హాల్లో జరిగే ప్రతి ఫంక్షనూ నీకే అన్నాడు. ఎగిరి గంతేశాను. లోపలికొచ్చి నీ కట్ట విప్పి చూశాక దిగాను.

మిషను రేకుల సేల్స్‌మన్ రోజూ వస్తున్నాడు. మెడకి టై, చంకలో బ్యాగు, మొహం నిండా నవ్వు. మంచినీళ్ళిచ్చి పంపేస్తున్నాను. నీ దగ్గర కొనేవాళ్ళంతా మిషను రేకుకి మారిపోయారనీ, మిగిలింది నేనొక్కదాన్నేననీ నాకు తెలుసు. నేను కూడా మారితే నీ సుత్తి ఇక ఎవరికోసం? అందుకే అడుగుతున్నా, ఏమైంది అన్నయ్యా?

వదినని అడిగానని చెప్పు. బావ నిన్ను అడిగారు. ఓపిక మిగిలిందిలే.

నీ చెల్లెలు


జూన్ 9

తుమ్ముల మహారాణి వారికి చెవిటి చక్రవర్తి దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మీ వదిన చదివి ఒకటే నవ్వు. నేను ఫోన్లో అంత చక్కగా మాట్లాడానని నాకే తెలీదు. ఆ పూట "చెల్లాయి ఏమంది?" అని మీ వదిన పలక మీద రాసి చూపిస్తే, "రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయంది" అని కూడా చెప్పాను.

నా చెవుల సంగతి నువ్వు కొత్తగా చెప్పాలా? మొన్న వీధి చివర రిటైరైన మాస్టారింటికి పలకరింపుకి వెళ్ళాం. ఆయన చాలాసేపు ఏదో చెప్పారు. ఆయన మొహం చూసి మనవడు పుట్టాడనుకుని, "మంచి మాట చెప్పారు, మిఠాయి ఎప్పుడు?" అన్నాను. పోయింది వాళ్ళ బావమరిది. మీ వదిన నా చొక్కా పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. అప్పటినుంచి నన్ను పరామర్శలకి తీసుకెళ్ళడం మానేసింది. ఆ మేరకి సుఖం.

చెవి మిషను పెట్టుకోమంటావని ముందే చెబుతున్నా. మీ వదిన ఎప్పుడో తెప్పించింది. పెట్టుకుని సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాను. బుర్రలో టపాకాయ పేలినట్టయింది. అది ఇప్పుడు పప్పు డబ్బాలో ఉంది. పప్పుకి బాగానే వినపడుతుండాలి.

ఇక చిల్లుల మాట. తప్పు రేకుది కాదు, నీ ముక్కుది. నీకు పుట్టినప్పటినుంచీ పడిశం. వెండి రేకు ముందు మనిషి ఊపిరి తియ్యకూడదని నాన్న ఎన్నిసార్లు చెప్పాడు? నువ్వేమో వాక్యూమ్ క్లీనరులా పీలుస్తావు, ఈదురుగాలిలా వదులుతావు. చిరగక ఏం చేస్తుంది పాపం? ఫ్యాను ఆపడం ఒక్కటే కాదు, తలుపు వేసుకో, ముక్కుకి గుడ్డ కట్టుకో, రేకు అద్దేంతసేపూ ఊపిరి బిగపట్టు. మాట్లాడకు. అది నీకు కష్టమేలే, అయినా ప్రయత్నించు.

నా పనితనం మీద నీకు అనుమానముందేమో. సుత్తి చప్పుడు వినకుండా ఎలా కొడుతున్నాడో అనుకుంటున్నావు. పిచ్చిదానా, రేకు తేలిందీ లేనిదీ ఇప్పుడు నా అరచేతికి తెలుస్తుంది. చెవి పోతే చెయ్యి విద్వాంసుడైంది. కావాలంటే ఎదురింటి టైలరమ్మని అడుగు. ఈ వీధిలో నా పని విలువ తెలిసిన మనిషి ఆవిడొక్కతే. నేను సుత్తి ఎత్తితే చాలు, కిటికీ దగ్గరికి వచ్చి నిలబడుతుంది. నా దెబ్బకి తాళం వేస్తున్నట్టు కిటికీ చెక్క మీద చేత్తో కొడుతుంది. నోరు కూడా కదుపుతుంది, పాడుతుందనుకుంటా. నేను తలూపి ఇంకాస్త హుషారుగా కొడతాను. మీ వదినకి ఆవిడంటే ఎందుకో గిట్టదు.

కొత్త కట్ట పంపుతున్నాను. ముక్కు జాగ్రత్త.

నీ అన్న


జూన్ 17

చక్రవర్తి గారికి,

మీ ఆజ్ఞ ప్రకారం ఊపిరి బిగపట్టాను. ఏం జరిగిందో విను.

గల్లా పక్కనున్న చిన్న గది తలుపు వేసుకున్నాను. ముక్కుకీ నోటికీ తువ్వాలు బిగించి కట్టాను. దీపం ఒక్కటి వేసుకుని పళ్ళెం ముందు వంగాను. ఒక్కో రేకుకీ ఊపిరి బిగపట్టి, అద్ది, కాగితం తీసి, ఊపిరి వదలడం. ఇంతలో తలుపు తోసుకుని ఎవరో వచ్చి "లడ్డూ ఉందా?" అన్నారు. నోరు తెరిస్తే రేకు పోతుంది. చేత్తో ఆగమన్నాను. "ఉందా లేదా?" అన్నారు. కళ్ళు పెద్దవి చేసి తలూపాను. తువ్వాలు పైన రెండు ఎర్రటి కళ్ళు, ఉబ్బిన బుగ్గలు. ఆవిడ "అయ్యో, ఈవిడకి ఏదో అయింది" అని కేకపెట్టింది. బావ పొయ్యి మీద పాకం వదిలేసి పరిగెత్తుకొచ్చారు. ఎవరో నా నెత్తిన చెంబుడు నీళ్ళు గుమ్మరించారు. పాకం మాడిపోయింది, పళ్ళెం తడిసిపోయింది, నాకు పడిశం రెట్టింపైంది. ఇన్ని చేసినా నీ రేకుకి చిల్లులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అన్నయ్యా, నవ్వులాట పక్కన పెడతాను. తప్పు నా ముక్కుది కాదు. నువ్వు నమ్మవని ఒక పని చేశాను. నీలం కాగితం మీద రెండు రేకులు పక్కపక్కనే అంటించి ఇందులో పెడుతున్నాను. ఒకటి నీది, ఒకటి ఆ సేల్స్‌మన్ నమూనాకి ఇచ్చింది. రెండింటినీ ఒకే కొలతకి కత్తిరించాను. ఏది ఎవరిదో కాగితం వెనక రాశాను. దీపానికి అడ్డంపెట్టి చూడు. కోపం తెచ్చుకోకు, చూడు అంతే.

నాకు గుర్తున్నది చెబుతాను. నాన్న చెవితో కొట్టేవాడు. కాగితాల కట్ట మధ్య వెండి ముక్కలు పెట్టి, తోలు సంచిలో దూర్చి, రాయి మీద పెట్టి మొదలుపెడితే దబ్బు దబ్బుమని మెత్తగా వినపడేది. వెండి సాగి సాగి అంచుకి వచ్చేసరికి చప్పుడు పొడిగా మారేది. అక్కడ ఆపెయ్యాలి. దాటితే వెండి పిగిలిపోతుంది. నేను గుమ్మంలో కూర్చుని "నాన్నా, మారింది" అని నీకంటే ముందే అరిచేదాన్ని. నీకు ఉక్రోషం వచ్చి నా జడ లాగేవాడివి. ఇప్పుడు నువ్వు ఆ చప్పుడు దాటి కొడుతున్నావేమోనని నా అనుమానం.

పెళ్ళికి ఇంకా టైముంది. మేనేజరు మొన్న మళ్ళీ వచ్చాడు. "మీ అన్నగారి రేకు వచ్చిందా?" అన్నాడు. "దారిలో ఉందండీ" అన్నాను. అబద్ధం చెబితే నాకు తుమ్ము వస్తుందని ఆయనకి తెలీదు కాబట్టి బతికిపోయాను.

తడిసి ముద్దైన నీ చెల్లి


జూన్ 25

చెల్లాయ్,

నీలం కాగితం అందింది. అందగానే కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూశాను. ఎడమవైపు రేకు చూసి నాకు కళ్ళనీళ్ళొచ్చాయంటే నమ్ము. ఏం సాగిందే! ఒక్క చిల్లు లేదు, ఒక్క మడత లేదు. వెనకనున్న నా వేలు నీడలా కనపడుతోంది. ఇది కదా చేతి పని అంటే! ఇక కుడివైపుది, ఆ మిషను రేకు, ఛీ ఛీ, ఎలక కొరికిన పేలికలా ఉంది. దీన్నా నువ్వు నా రేకు పక్కన పెట్టింది? ఆ టై కట్టినవాడు ఈసారి వస్తే మంచినీళ్ళు కూడా ఇవ్వకు. మేనేజరుకి ధైర్యంగా చెప్పు, మా అన్నయ్య రేకు ముందు మిషను బలాదూర్ అని. నాకైతే ఈ కాగితం ఫ్రేము కట్టించి గోడకి పెట్టాలనుంది. టైలరమ్మకి కూడా కిటికీలోంచి చూపించాను. ఆవిడ తలుపు వేసేసుకుంది. మనసు నిండిపోయి ఉంటుంది.

ఇంతవరకూ నిన్న రాశాను. మడిచి కవర్లో పెట్టి అంటించాక, మీ వదిన ఆ నీలం కాగితం నా చేతిలోంచి తీసుకుని తిరగేసి, వెనక నువ్వు రాసింది చూపించింది.

కవరు చించి మళ్ళీ రాస్తున్నాను. పై ముక్క కొట్టెయ్యకుండా అలాగే పంపుతున్నా. నీకూ బావకీ ఒక పూట కాలక్షేపం.

ఇన్నేళ్ళు వెండి కొట్టిన మనిషిని, నా రేకు నేను గుర్తుపట్టలేదు. ఎలక కొరికిన పేలిక అన్నాను కదూ? ఎలకని నేనే. అరచేయి విద్వాంసుడు అని రాశాను చూడు, ఆ విద్వాంసుణ్ణి పిలిచి అడిగాను, ఏమీ పలకలేదు.

పొద్దున సుత్తిని అటక మీద పెట్టేశాను. తేలిగ్గానే చేశాననుకో. మధ్యాహ్నానికి ఎదురింటి టైలరమ్మ వచ్చింది, చేతిలో పళ్ళతో. పని మానేశాననే బాధతో వచ్చిందేమోనని లేచి కుర్చీ వేశాను. ఆవిడ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఏమందని అడిగితే మీ వదిన చెప్పనంది. బతిమాలితే పలక మీద రాసింది. ఆవిడ రెండేళ్ళుగా కిటికీలోంచి నన్ను తిడుతోందట. తాళం కాదది, ఆపమని చెక్క బాదడం. ఈ రోజు వీధి ప్రశాంతంగా ఉందని థాంక్స్ చెప్పడానికి వచ్చిందట. "సుత్తి చప్పుడైనా భరించాను గానీ ఆ అరుపులు వినలేకపోయాను" అందట. సుత్తి చప్పుణ్ణి అరుపులంటారా ఎవరైనా? కుట్టుపని వాళ్ళకి చప్పుళ్ళ తేడా ఏం తెలుస్తుందిలే. నేను మాత్రం రెండేళ్ళు ఆవిడ తిట్లకి తలూపి, హుషారు తెచ్చుకుని ఇంకా గట్టిగా కొట్టాను. నా అంత రసికుడు ఈ వీధిలో లేడు.

మిషను రేకు తీసుకో. బాగుంది. బాగున్నదాన్ని బాగుందని నా చేత్తోనే రాశాను, పైన చూసుకో.

అన్నయ్య


జూలై 1

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి బావ నవ్వారు. నేను నవ్వలేదు. చదువుతూ ఏడిస్తే బిళ్ళల మీద కన్నీళ్ళు పడ్డాయి. వాటిని ఉప్పు బిస్కట్లని అమ్ముకుందామా అన్నారు. ఆయన్ని వంటింట్లోకి తరిమి రాస్తున్నాను.

నా మీద కోపంతోనేగా సుత్తి అటకెక్కించావు? నిజం చెప్పు. ఆ కాగితం పంపినప్పుడే అనుకున్నాను, ఇది నెత్తి మీదికి వస్తుందని. నా బుద్ధి అంతే. నెమ్మదిగా చెప్పాల్సినవన్నీ నీలం కాగితం మీద అంటించి మరీ చెబుతాను. చిన్నప్పుడు నీ ప్రోగ్రెస్ రిపోర్టు కూడా నేనే నాన్న చేతికిచ్చాను. క్షమించు.

మిషను రేకు తీసుకోమన్నావు. ఆ సేల్స్‌మన్ నిన్న ఏకంగా ఏడాదికి సరిపడా ఆర్డరు రాయించుకుందామని వచ్చాడు. అతని రేకు బాగుంది, కాదనను. మంచివాడే పాపం. కానీ నేను సరే అనలేకపోయాను. సరే అంటే అక్కడితో నీ పని ఐపోయినట్టే. ఇంత లావు మనిషిని, రోజుకి వందమందితో వాదించేదాన్ని, ఆ ఒక్క మాట నోట్లోంచి రాలేదు. "మా ఆయన్ని అడిగి చెబుతాను" అన్నాను. బావ లోపలినుంచి "నన్నెప్పుడడిగావు?" అన్నారు. పరువు పోయింది.

రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పట్టాను. నవ్వకు. నీకు వినపడదు, నాకు వినపడుతుంది. చప్పుడు ఎప్పుడు మారుతుందో నీకంటే నాకే బాగా తెలుసు, నీ చేతిలో నా జడే సాక్షి. వదిన ఫోన్ రాయి పక్కన పెట్టించు. నువ్వు కొట్టు. నేనిక్కడ కొట్లో కూర్చుని చెవిన ఫోన్ పెట్టుకుని వింటాను. మారగానే "ఆపు" అంటాను. వదిన విని నీ వీపు మీద ఒక్కటి వెయ్యాలి. ఆ పని వదిన ఇష్టంగానే చేస్తుందని నా నమ్మకం.

సుత్తి దించు. టైలరమ్మకి నా తరఫున ఒక మిఠాయి డబ్బా పంపుతున్నాను, ఇచ్చి కాళ్ళమీద పడు.

నీ చెల్లి


జూలై 12

చెవులుగల చెల్లాయికి,

కోపం కాదే. నీ మీద నాకు కోపం వస్తే నీకు ఫోన్ చేసేవాణ్ణి. సిగ్గేసి అటకెక్కించాను.

సుత్తి దింపాను. దించేటప్పుడు నిచ్చెన మీద నేను, కింద చేతులు చాపుకుని మీ వదిన. సుత్తి నాకంటే ముందు దిగింది. మీ వదిన కాలు తప్పించుకుంది కాబట్టి ఈ ఉత్తరం శాంతంగా రాస్తున్నాను.

నీ ఉపాయం ఎలా నడిచిందో నా వైపునుంచి చెబుతాను, నీకు తెలిసింది సగమే. మొదటిరోజు మీ వదిన ఫోన్ పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. నేను కొడుతున్నాను, కొడుతున్నాను, వీపు మీద ఏమీ పడలేదు. ఆహా, ఈరోజు వెండి ఎంత ఓర్చుకుంటోందో అనుకుంటూ ఇంకా కొట్టాను. చూస్తే ఫోన్ చార్జింగు ఐపోయి ఎప్పుడో ఆగిపోయింది, మీ వదిన గోడకి ఆనుకుని నిద్రపోతోంది. సంచి విప్పితే వెండి లేదు, కాగితాలకి బూడిద అంటుకున్నట్టుంది. రెండోరోజు మొదలుపెట్టిన కాసేపటికే వీపు మీద ఫట్‌మని పడింది. విప్పితే రేకు నాణెమంత మందంగా ఉంది. తర్వాత తెలిసింది, నీ కొట్లో ఎవరో మిఠాయి తూయించుకుంటుంటే "ఆపు బాబూ, ముల్లు పడిపోయింది" అని నువ్వు బావ మీద అరిచావట. బావకి పడాల్సింది నాకు పడింది.

మూడోరోజు నువ్వు కొట్టు కాసేపు మూయించావు కదా. ఆరోజు కొడుతుంటే నాకెందుకో నాన్న ఎదురుగా కూర్చున్నట్టే అనిపించింది. వీపు మీద మీ వదిన చెయ్యి పడింది. ఆగాను. సంచి విప్పి, కాగితం తీసి, దీపానికి అడ్డంపెట్టాను. చెల్లాయ్, చిల్లు లేదు. ఒక్కటీ లేదు. మళ్ళీ మోసపోతానేమోనని మీ వదినకి ఇచ్చి వెనకా ముందూ తిప్పించాను. వెనక ఏమీ రాసిలేదు. అది నాదే.

పెళ్ళికి కావలసినన్ని కొడతాను. రోజూ పొద్దున ఫోన్ చేయిస్తాను. టైలరమ్మతో ఒప్పందం చేసుకున్నాం, మధ్యాహ్నం ఆవిడ నిద్రపోయేటప్పుడు కొట్టను. నీ మిఠాయి పనిచేసింది. భుజం కొద్దిగా లాగుతోంది, అంతే, అటక మీద పడుకుని సుత్తి బరువెక్కినట్టుంది. నువ్వేం కంగారుపడకు. చాలాకాలానికి నాకు పొద్దున్నే లేవాలనిపిస్తోంది.

నీ చేతికింద పనివాడు,
అన్నయ్య


జూలై 30

అన్నయ్యా,

పెళ్ళి ఐపోయింది. ముందు మంచి కబురు చెబుతాను, లేకపోతే నువ్వు ఉత్తరం చివరనుంచి చదవడం మొదలుపెడతావు.

పళ్ళేలు హాల్లో వరసగా పెట్టాం. పైన దీపాలు వేసేసరికి బిళ్ళలన్నీ అద్దాల్లా మెరిశాయి. నా మొహం కనపడుతుందేమోనని ఒక బిళ్ళలోకి వంగి చూసుకుంటుంటే మేనేజరు వెనకనుంచి వచ్చి దగ్గాడు. సర్దుకున్నాను. ఆయన ఒక బిళ్ళ నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇక హాల్లో ఫంక్షన్లన్నీ నీవేనమ్మా, వచ్చే నెలనుంచే మొదలు, రేకు మాత్రం ఇదే కావాలి అన్నాడు. బావ అందరి ముందూ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని నీలం కాగితం మీద అంటించకుండా ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఫోన్లో నీ సుత్తి వింటున్న మొదట్లో దెబ్బ దెబ్బకీ మధ్య ఏదో వినపడేది. ఫోన్ గరగర అనుకున్నాను. వీధిలో ఎవరో అనుకున్నాను. నా ధ్యాసంతా చప్పుడు మారడం మీదే ఉండేది, పైగా ఎదురుగా మనుషులు, తక్కెడ, బావ కేకలు. పెళ్ళికి ముందు ఆఖరి వారం మాత్రం పొద్దున్నే తలుపులు వేసుకుని, ఫ్యాను ఆపి, ఒక్కదాన్నే కూర్చుని విన్నాను. అప్పుడు తేటగా వినపడింది.

అన్నయ్యా, నువ్వు సుత్తి వేసిన ప్రతిసారీ "అమ్మా" అంటున్నావు.

మామూలుగా కాదు. దెబ్బ తగిలినవాడు అన్నట్టు అంటున్నావు. నీకు తెలుసా? నీకెలా తెలుస్తుంది, వినపడదుగా. వదిన అలవాటు పడిపోయి ఉంటుంది. టైలరమ్మ అరుపులన్నది వీటినే. ఆవిడకి చప్పుళ్ళ తేడా బాగానే తెలుసు, తెలియనిది మనకే.

నేనేం చేశానో కూడా చెబుతాను. చప్పుడు ఇంకా మారలేదని "ఇంకొంచెం కొట్టించు వదినా" అంటూ వచ్చాను. ఇంకొంచెం అన్నప్పుడల్లా నువ్వు అమ్మా అంటున్నావు. రేకు చెడకూడదని పళ్ళు బిగించుకుని విన్నాను. ఆఖరి రోజు వినలేక ముందే ఆపమన్నాను. ఆ కట్ట కాస్త మందంగా వచ్చింది చూడు, అది నీ తప్పు కాదు, నాది. పెళ్ళి పళ్ళేల్లో అందరూ మెరుపు చూసి మెచ్చుకుంటుంటే నేను ఒక్క బిళ్ళ కూడా నోట్లో పెట్టుకోలేదు. మిఠాయికొట్టు పెట్టినప్పటినుంచీ నేను మిఠాయి వద్దనడం అదే మొదలు. బావ డాక్టరుకి చూపిద్దామా అన్నారు.

మేనేజరుకి ఇంకా సరే అనలేదు. సరే అంటే నీ సుత్తి రోజూ మోగాలి. నీకు కావలసింది అదేనని నాకు తెలుసు. పొద్దున్నే లేవాలనిపిస్తోందని రాశావు, ఆ ముక్క ఎన్నిసార్లు చదువుకున్నానో. నువ్వు కొడతానంటే నేను కాదనను, నీ పని నీది. కానీ నేను ఇక ఫోన్ చెవిన పెట్టుకుని "ఇంకొంచెం" అనలేను. నావల్ల కాదు.

మానేస్తానంటే మాత్రం ఇక్కడికి వచ్చెయ్యండి, ఇద్దరూ. ఇక్కడ రేకు అద్దేవాళ్ళు లేరు, నా ముక్కు సంగతి లోకమంతా తెలిసిపోయింది. ఎవరు పిలిచినా పలకని మనిషే ఆ పనికి కావాలి. మిషను రేకే అద్దుదువుగాని, నీకు నచ్చినదేగా.

నువ్వేమంటే అదే.

నీ చెల్లి


ఆగస్టు 6

చెల్లాయ్,

నీ ఉత్తరం మొదట చదివి, ఇదంతా నీ ఫోన్ మహిమ అనుకున్నాను. నేను పని చేసేటప్పుడు పెదవి కదపను, తెలుసా? మునిలా కూర్చుంటాను. కనీసం నా ఊహలో అలాగే కూర్చునేవాణ్ణి. కాగితం మీ వదినకిచ్చి "చూడు, చెల్లాయికి చెవులు కూడా పోయాయి" అన్నాను. ఆవిడ చదివి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వచ్చాక పలక తీసుకుని, "చెబితే మానేస్తారని చెప్పలేదు" అని రాసింది. తుడిచేసి, "మానేస్తే ఏమైపోతారోనని" అని మళ్ళీ రాసింది.

అలా అన్నమాట. నన్ను నేను గంభీరమైన మనిషిననుకుంటూ వీధి వీధంతా వినేలా అమ్మని పిలిచాను. బతికున్నప్పుడు అమ్మ, తను పిలిస్తే నేను ఒక్కసారీ పలకనని తిట్టేది. ఆ బాకీ అంతా వడ్డీతో తీర్చేశాననుకుంటా. పైన ఎక్కడో కూర్చుని, వీడేమిటి ఒక పనీ చేసుకోనివ్వడని విసుక్కుంటూ ఉంటుంది.

నువ్వు ఏడవకు. ఇంకొంచెం అన్నది నువ్వు కాదు, వెండి. అది ఎప్పుడూ ఇంకొంచెమే అంటుంది. నువ్వు నా పక్కన కూర్చున్నావు, అంతే. పోయిన నెలంతా నాకు ఎంత బాగుందో నీకు చెప్పలేను. చెల్లెలు వింటోందని, మంచి బట్టలు వేసుకుని మరీ కూర్చునేవాణ్ణి. ఫోన్లో బట్టలు కనపడవని మీ వదిన రాసి చూపించినా మానలేదు.

కొట్టడమా, మానడమా అన్నావు. నేను మానను అనే రాద్దామనుకున్నాను. భుజానికి మందు రాసుకుని, నోరు అదుపులో పెట్టుకుంటే నీకూ బాధ ఉండదు, మేనేజరుకీ రేకు ఉంటుంది, టైలరమ్మకీ నిద్ర ఉంటుంది అనుకున్నాను. నిన్న పొద్దున తువ్వాలు మడిచి పళ్ళ మధ్య గట్టిగా కరుచుకుని రాయి ముందు కూర్చున్నాను. మీ వదినని ఎదురుగా కూర్చోబెట్టి, నోట్లోంచి ఏమైనా వస్తే చెయ్యెత్తు అన్నాను. సుత్తి వేశాను. చెయ్యి లేచింది. ఇది లెక్కలోకి రాదులే అని మళ్ళీ వేశాను. మళ్ళీ లేచింది. ఊపిరి బిగపట్టాను, కళ్ళు మూసుకున్నాను, చిన్న దెబ్బ వేశాను. కళ్ళు తెరిచేసరికి మీ వదిన చెయ్యి ఎత్తే ఉంది, దించడం లేదు. రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంటోంది.

మేనేజరుకి ఇక చేతి రేకు ఉండదని నిజం చెప్పు, ఒప్పుకుంటే సరే అను, మిషను రేకు తీసుకో. మేమిద్దరం ఆదివారం బండికి వస్తున్నాం, స్టేషనుకి రండి. సుత్తి తేవడం లేదు.

అన్నయ్య